ఓబులమ్మకు వచ్చిన కార్డులు

జులై 5, మంగళవారం

ఇవాళ బళ్ళు తెరిచారు. ఎనిమిదిన్నరకి కాజ్‌వే మీద పసుప్పచ్చ బస్సు వెళ్ళడం మేడ మీంచి చూశాను. రావులపాలెంలో మా స్కూలు బస్సే. నాలుగేళ్ళు ఎక్కాను దాన్ని.

ఇది పోయినేడాది లెసన్ ప్లాన్ పుస్తకం. సగానికి పైగా ఖాళీ. పారేయబుద్ధి కాక బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఇందులో రాసుకుంటే ఎవరూ చూడరు. ఆయన పుస్తకాలు తెరవరు.

"ఈ ఏడాది మానెయ్యి శ్రీ" అన్నారు నిన్న. "అరటి గెలల పనితో నేను ఇంటిపట్టున ఉండట్లేదు. అమ్మ ఒక్కతే అయిపోతోంది." సబబే కదా. సర్టిఫికెట్లూ ఆధార్ కార్డూ కింద బీరువాలో పెట్టి తాళం వేశారు, వానాకాలం చెమ్మకి పాడవుతాయని. నా ఫోను కూడా అందులోనే. ఫోను విషయంలో తప్పు నాదే. తెలుగు మాస్టారు గుడ్ మార్నింగ్ పెడితే నేను తిరిగి పెట్టకుండా ఉండాల్సింది.

లంక దాటాలంటే చిట్టియ్య ఆటో ఒక్కటే. నేనెక్కితే చిట్టియ్య ముందు ఆయనకి ఫోన్ చెయ్యాలి. నా మంచికే.

ఈపాటికి ఎనిమిదో తరగతిలో జిల్లాల పాఠం మొదలై ఉంటుంది. "అనంతపురం, పడమటి కనుమల నీడలో పడి వానలు అందని జిల్లా." చుట్టూ గోదావరిని పెట్టుకుని ఏటా ఆ ముక్క చెప్పేదాన్ని. నేనెప్పుడూ చూడలేదు ఆ జిల్లాని. రాత్రి ఇంట్లో పాఠం తయారుచేసుకుంటుంటే ఆ ముక్క దగ్గర అత్తయ్యగారు పని ఆపి నిలబడేవారు. ఆవిడది సీమ వైపని పెళ్ళిలో ఎవరో అన్నారు. ఆవిడ మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

జులై 8

తలుపు తగిలింది. ఎడం చెంప. రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

జులై 12, మంగళవారం

టీవీలో రెండో ప్రమాద హెచ్చరిక అన్నారు, సాయంత్రానికి మూడోది అన్నారు. ధవళేశ్వరంలో గేట్లన్నీ ఎత్తేశారట. ఆయన మనుషుల్ని పెట్టి, ముదరని గెలలు కూడా నరికిస్తున్నారు. "మునిగిపోయేదానికన్నా నయం" అంటున్నారు. అన్నం నిలబడే తిన్నారు. పాపం.

జులై 13, బుధవారం

తెల్లారుజామున ఆఖరి లోడుతో ఆయన రావులపాలెం వెళ్ళారు. తొమ్మిదికల్లా కాజ్‌వే మునిగిపోయింది. ఆయన అటు, మేం ఇటు.

పదకొండింటికి పడవ వచ్చింది. వీఆర్వో గారు మైకులో అరుస్తున్నారు, అందరూ పునరావాస కేంద్రానికి వచ్చెయ్యాలని. వీధంతా ఖాళీ అయింది. నేను సంచి సర్దాను. అత్తయ్యగారు గుమ్మంలో స్తంభం పట్టుకుని కూర్చున్నారు.

"నేను పడవెక్కను."

"అందరూ ఎక్కుతున్నారండీ. ఏం కాదు."

"నువ్వెళ్ళమ్మా. నేను మేడగదిలో ఉంటాను."

పడవలోంచి పక్కింటి బుల్లియ్య గారు కేకేశారు. "మాణిక్యమ్మ గారూ, మొండితనం చెయ్యకండి. ఎనభయ్యారు వరద గుర్తు లేదా?"

"గుర్తుండబట్టే రానంటున్నా."

నేను పడవెక్కితే అటు ఒడ్డున ఆయన ఉంటారు. అందుకు కాదు నేను ఆగిపోయింది. అరవై ఏళ్ళావిణ్ణి ఒంటరిగా వదిలి వెళ్ళలేక ఆగిపోయాను.

బియ్యం, గ్యాసు బండ, పొయ్యి, పప్పు, నాలుగు బిందెల మంచినీళ్ళు పైకి చేర్చాం. గేదె పలుపు కోసేసి వదిలేశాం. అది కాసేపు అక్కడే నిలబడి, ఏటిగట్టు వైపు ఈదుకుంటూ పోయింది.

జులై 14, గురువారం

పొద్దున నీళ్ళు గడప దాటాయి. మధ్యాహ్నానికి మోకాళ్ళ లోతు. మెట్ల మీద కూర్చుని చూస్తున్నాం. చెప్పులు, చేట, స్టీలు బకెట్టు ఇంట్లోనే తేలుతూ తిరుగుతున్నాయి.

"బీరువాలో ఏమున్నాయి?" అని అడిగారు అత్తయ్యగారు.

"పొలం కాయితాలు. నా సర్టిఫికెట్లు."

"తాళం?"

"ఆయన దగ్గరే ఉందండి."

ఆవిడ చీర ఎగదోపి నీళ్ళలోకి దిగారు. నిన్న పడవెక్కడానికి వణికిన మనిషి. పెరటి చావిట్లోంచి గునపం తెచ్చారు. నేను వద్దంటూనే ఉన్నాను. "ఆయన ఊరుకోరండీ, ఆయన ఊరుకోరు" అని ఎన్నిసార్లు అన్నానో. ఆవిడ తలుపు సందులో గునపం దూర్చి ఒక్క తన్ను తన్నారు. రేకు విరిగిన చప్పుడు.

"కాయితాలు నానిపోతే మాత్రం ఊరుకుంటాడా?" అన్నారు.

కింది అర అప్పటికే తడిసింది. దొరికినవన్నీ చీర కొంగులో వేసుకుని పైకి మోశాం. గదిలో దండెం కట్టి, తడిసిన కాయితాలన్నీ బట్టల్లా ఆరేశాం. నా డిగ్రీ, నా బీఎడ్. అంచులు మాత్రమే తడిశాయి. ఫోను చచ్చిపోయింది. కరెంటూ లేదు.

రెవెన్యూ రసీదుల మధ్యలో రబ్బరు బ్యాండు వేసిన పోస్టు కార్డులు దొరికాయి. తొమ్మిది. పాతవి. ఒకదానికొకటి అంటుకుపోయాయి. రేపు ఆరాక చూడాలి.

జులై 15, శుక్రవారం

ఒక్కొక్క కార్డూ వేలిగోటితో విడదీశాను. చిరునామా అన్నిటి మీదా ఒకటే. మా లంక, మా మావయ్యగారు వీరవెంకటసత్యనారాయణ గారి పేరు. దాని పైన మరో పేరు.

"ఓబులమ్మ ఎవరండీ?"

అత్తయ్యగారు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. చెయ్యి ఆగింది.

"నేనే" అన్నారు.

మాణిక్యం అనేది ఇక్కడికొచ్చాక వాళ్ళత్తగారు పెట్టిన పేరట. ఓబులమ్మ అంటే ఇక్కడ నలుగురూ నవ్వుతారని.

ఆవిడకి చదువు రాదు. చదవమంటారా అని అడిగితే తలుపు దగ్గరగా వేసి రమ్మన్నారు. చుట్టూ రెండు మైళ్ళ దూరం మనుషులు లేరు. అయినా వేశాను.

అన్నీ ఆవిడ తమ్ముడు నల్లప్ప రాసినవే. గుత్తి దగ్గర పల్లె. మొదటిది 1982.

"అక్కకు నల్లప్ప రాసేది. నాయనకు కోపం తగ్గింది. ఉగాదికి రమ్మంటాండాడు. బావను గూడా పిల్చుకోని రా."

1984. "రెండు కార్డులు రాస్తిమి. జవాబు లేదు. నీ అడ్రసు ఇదే గదా. మన బాయి ఎండిపాయ. అమ్మ గుత్తి కోట కింద నుంచి నీళ్ళు మోస్తాంది."

1986. "ఈ ఏడు గూడా వాన లేదు. శెనక్కాయ చేను ఎండిపాయ. ఇండ్లు కట్టే బెల్దారి పనికి బళ్ళారి పోతాండాం. మీ తావ వరదలొచ్చినాయని రేడియోలో చెప్పినారు. నువ్వు బాగుండావో లేదో ఒక్క మాట రాయి."

1994. "నాయన పోయినాడు. కడాకు నీ పేరే అడిగినాడు. కోట ముందర వేపచెట్టు కింద మంచం వేయించుకోని రోడ్డు సాయ చూసుకుంటా పండుకునేటోడు."

ఆఖరిది 1999. "అక్కా, ఇంగ రాయను. కోపం లేదు. నువ్వు లేవేమో అనిపిస్తాంది."

ఆవిడ ఏడవలేదు. బియ్యం చేట పక్కన పెట్టి, "మళ్ళీ మొదట్నుంచి చదువు" అన్నారు. నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి నాకంటే ముందే ఆవిడ పెదాలు కదులుతున్నాయి.

జులై 16, శనివారం

నీళ్ళు నిన్నటికన్నా ఇంకా పెరిగాయి. కింద కిటికీలు కనపడట్లేదు. అరటితోటల తలలు మాత్రం పైకున్నాయి, ఒక్కొక్కటే ఒరిగిపోతున్నాయి. మెట్ల మీద నీరుకట్టె పాము ఉంది. దాని జోలికి మేం పోలేదు, మా జోలికి అది రాలేదు.

ఇవాళ ఆవిడే మొదలుపెట్టారు.

"మీ మావయ్యగారు రావులపాలెం నుంచి అరటి లోడు వేసుకుని గుత్తికొచ్చేవారు. తిరుగు లోడు వేరుశనక్కాయలు. మా ఊరి రోడ్డు మీద లారీ ఆపి నీళ్ళడిగేవారు. ఎండాకాలం మేం ఆ నీళ్ళ కోసం మూడు మైళ్ళు పోయి వచ్చేవాళ్ళం. ఆ మనిషేమో సగం తాగి సగం మొహాన కొట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. తిట్టాను. నవ్వి, మా ఊళ్ళో గుమ్మం ముందే నీళ్ళు, ఎంత పారబోసినా అడిగేవాడు లేడు అన్నాడు. పద్దెనిమిదేళ్ళు నాకు. ఆయన కోసం వచ్చానని అందరూ అనుకున్నారు. నేను నీళ్ళ కోసం వచ్చాను."

"మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదా?"

"ఏటా ఈ ఏడు తీసుకెళ్తాననేవారు. మంచి మనిషే. చెయ్యి చేసుకునేవారు కాదు. తీసుకెళ్ళేవారు కాదు, అంతే. ఇంటి నుంచి కబురేమైనా వచ్చిందా అంటే, నీ మీద నీళ్ళొదిలేసుకున్నారు మాణిక్యం అనేవారు."

కార్డుల కట్ట ఒళ్ళో పెట్టుకుని ఆ మాట చెప్పారు.

ఎనభయ్యారు వరదలో ఏడాది బిడ్డని చీరతో వీపుకి కట్టుకుని, పక్కింటి పెంకుల మీద రెండు రోజులు ఉన్నారట. మావయ్యగారు లారీతో ఎక్కడో ఇరుక్కుపోయారు. ఆ బిడ్డే ఈయన.

జులై 17, ఆదివారం

ఎండ వచ్చింది. తల దువ్వుతూ నా చెంప చూశారు.

"తలుపు తగిలిందండి" అన్నాను.

"తలుపుకి అయిదు వేళ్ళుంటాయేంటి?"

జుట్టు చెంప మీదికి లాక్కున్నాను.

"గోడకి అవతలే కదా నేను పడుకునేది" అన్నారు ఆవిడే.

జులై 18

హెలికాప్టర్ వెళ్ళింది. పడవ వాళ్ళు పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు ఇచ్చారు. "మీ అబ్బాయి గణేష్‌బాబు గారు గట్టు మీద గోల పెడుతున్నారండీ, రేపు మేమొచ్చి మిమ్మల్ని అటు దింపేస్తాం" అన్నాడు పడవ కుర్రాడు. వద్దన్నాం ఇద్దరమూ. ఒకేసారి అన్నాం.

ఎన్నాళ్ళయిందో ఇంత నిద్ర పట్టి.

జులై 20, బుధవారం

నీళ్ళు తీస్తున్నాయి. గోడ మీద తడి గీతకి మూడు మెట్లు కిందికి దిగాయి. లంకంతా బురద కంపు.

రాయకూడదు గానీ రాస్తున్నాను. నీళ్ళు తియ్యకుండా ఉంటే బాగుండుననిపించింది.

జులై 22, శుక్రవారం

వచ్చారు. మొదట వాళ్ళమ్మని పట్టుకుని ఏడ్చారు. నా తల మీద చెయ్యి వేశారు. నిజంగానే బెంగపెట్టుకున్నట్టున్నారు, గడ్డం మాసిపోయింది. ఆ కాసేపూ ఆయన మారిపోయారనుకున్నాను.

తర్వాత బీరువా చూశారు.

"ఎవరు బద్దలుకొట్టింది?"

"నేనే" అన్నారు అత్తయ్యగారు. కార్డుల కట్ట ఆయన ముందు పెట్టారు. "ఇవి నీకు తెలుసా?"

ఆయన చూసి, చూపు తిప్పుకున్నారు. "నాన్న దాచమన్నారు. పోయేముందు చెప్పారు. నీకెలాగూ చదవడం రాదు, చెప్తే కూర్చుని ఏడుస్తావు. ఎందుకొచ్చిన గొడవని ఊరుకున్నాను."

"మీ నాన్న పోయి మూడేళ్ళయింది."

"ఇప్పుడదంతా ఎందుకమ్మా? ఇల్లు చూడు ఎలా ఉందో."

ఆవిడ పారతో బురద ఎత్తడం మొదలుపెట్టారు.

నా సర్టిఫికెట్లు ఏవని సాయంత్రం అడిగారు. వరదలో పోయాయన్నారు అత్తయ్యగారు. అవి ఆవిడ పరుపు కింద ఉన్నాయి.

ఆగస్టు 2

బీరువాకి కొత్త తాళం. పంట నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చారు, పోయారు. చిట్టియ్య ఆటో మళ్ళీ తిరుగుతోంది. స్కూలు బస్సు కూడా.

ఆగస్టు 9

తలుపు.

ఆగస్టు 10

తలుపు అని రాశాను నిన్న. నా పుస్తకంలో నేను రాసుకునేదానికి కూడా అబద్ధమేంటి? చెయ్యి. గణేష్‌బాబు చెయ్యి. బెల్లానికి చీమలు పట్టాయని.

ఆగస్టు 16, మంగళవారం

అత్తయ్యగారికి కన్ను మసకగా ఉందట. రాజమండ్రిలో చూపించుకోవాలట. మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పారు.

"నేను తీసుకెళ్తాలే ఆదివారం" అన్నాడు గణేష్‌బాబు.

"ఆదివారం డాక్టరుండడు. గురువారం రమ్మన్నారు. అమ్మాయి తోడొస్తుంది."

"అదెందుకు?"

"ఆడవాళ్ళ వార్డులో నువ్వుంటావా?"

ఆయన నా వైపు చూశాడు. నేను పప్పు గిన్నె వైపు చూస్తున్నాను. చిట్టియ్య దింపుతాడు, చిట్టియ్యే ఎక్కించుకొస్తాడు, సాయంత్రం నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలి అన్నాడు.

ఆవిడ కన్ను బాగానే ఉంది. నిన్ననే సూదిలో దారం ఎక్కించారు.

ఆగస్టు 18, గురువారం, రైల్లో

రైలు ఊపుకి అక్షరాలు వంకరగా పడుతున్నాయి.

రావులపాలెం బస్టాండులో చిట్టియ్య మా సంచి దింపాడు. కంటాసుపత్రికి అంత బరువు సంచి ఎందుకో అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "నాలుగింటికి ఇక్కడే ఉంటానండీ" అన్నాడు. కాసేపాగి, "రాకపోతే ఆరింటిదాకా చూసి అప్పుడు ఫోన్ చేస్తానండి అన్నయ్యగారికి" అన్నాడు. మా మొహాలు చూడకుండా ఆటో తిప్పేసుకున్నాడు.

రాజమండ్రి స్టేషన్లో టికెట్లు తీసుకుంటుంటే నా వెనక ఎవరు దగ్గినా ఆయనే అనుకున్నాను. బండి గోదావరి బ్రిడ్జి ఎక్కగానే అత్తయ్యగారు కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నారు. "అయిపోయిందా?" "ఇంకా లేదండి." "అయిపోయిందా?" కొవ్వూరు వచ్చాక కళ్ళు తెరిచారు.

ఆరు దాటింది. ఫోన్ చేసేసి ఉంటాడు. పక్క సీటులో ఆవిడ అరటిపండు ఒలుచుకుని తింటున్నారు.

ఆగస్టు 19, శుక్రవారం

గుత్తిలో దిగేసరికి తెల్లారి ఏడయింది. మొదట నాకు కనిపించింది ఆకాశం. కొబ్బరిచెట్లు అడ్డం లేని ఆకాశాన్ని అంత మొత్తంగా నేనెప్పుడూ చూడలేదు. దాని కింద ఎర్రటి నేల, గుండ్రాళ్ళు, జానెడెత్తు వేరుశనగ చేలు. ఆ మధ్యలో ఉన్నట్టుండి కొండ. కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ శిఖరం దాకా కోటగోడ.

"అదే" అన్నారు అత్తయ్యగారు. అంతే.

పల్లెలో ఆటో దిగి ఆవిడ ఎవర్నీ దారి అడగలేదు. తిన్నగా వెళ్ళి ఒక బండల మిద్దె ముందు ఆగారు. అరుగు మీద తలపాగా చుట్టుకున్న ముసలాయన చింతపండు కొట్టి గింజలు తీస్తున్నాడు. తలెత్తి చాలాసేపు చూశాడు. లేవలేదు.

"కార్డులు అందినాయా?" అని అడిగాడు.

"మొన్న అందినాయి" అన్నారు ఆవిడ.

అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. లోపల్నుంచి నల్లప్ప గారి కోడలు గంగరత్న చెంబుతో నీళ్ళు తెచ్చింది. అత్తయ్యగారు ఒక్క చుక్క కింద పడకుండా తాగారు.

ఆగస్టు 24, బుధవారం

నల్లప్ప గారితో కలిసి ముగ్గురం కోటకి వెళ్ళాం. కింద తెల్లదొరల సమాధులు, తుప్పల మధ్య. మొదటి ద్వారం దాకా వచ్చి అత్తయ్యగారు రాతి మీద కూలబడ్డారు, మోకాళ్ళు రావట్లేదని. "నువ్వు పోయి చూసిరా" అన్నారు నన్ను.

ఒక్కదాన్నే ఎక్కాను. ఒక ద్వారం దాటితే ఇంకో ద్వారం. మధ్య దారిలో నాలుగైదు చోట్ల వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా వస్తున్నారేమోనని. మేకలు తప్ప ఎవరూ లేరు. పైన కప్పు కూలిన ధాన్యపు కొట్లు, గారగోడలు, ఒకప్పుడు ఈ కోటని ఏలిన మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం, కొండ అంచున. ఇంత ఎండిన రాతి మీద బావులు! ఒకదాంట్లో పచ్చటి నీళ్ళున్నాయి. వాన చినుకుని పోనివ్వకుండా పట్టుకోవడానికి రాతిలో కాలవలు చెక్కారు. ఎవరు చెక్కారో, ఎంతమంది చెక్కారో.

నాలుగేళ్ళు ఈ జిల్లాని రెండు వాక్యాల్లో చెప్పి, డస్టరుతో తుడిచేశాను.

దిగొచ్చాక ఏం కనపడిందని అడిగారు ఆవిడ. రైలు పట్టాలు, సున్నపు ఇళ్ళు, చేలు, అన్నీ చెప్పాను. "రోడ్డు కనపడిందా?" కనపడిందన్నాను. "లారీలు?" కనపడ్డాయన్నాను. నల్లప్ప గారు, "నాయన ఈడ్నే మంచం వేపించుకునేటోడు" అన్నారు. వేపచెట్టు లేదు, మొద్దు కూడా లేదు. ఆవిడ ఆ చోట కాసేపు నిలబడ్డారు.

సెప్టెంబరు 3, శనివారం

గంగరత్న గుత్తిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆయా. సోషల్ టీచరు కాన్పుకి వెళ్ళిందట. సర్టిఫికెట్లు పట్టుకెళ్ళాను. వంకర తిరిగిన అంచులు చూసి హెడ్మాస్టరు ఏంటివి అన్నారు. వరదండీ అన్నాను.

"గోదారి జిల్లా వదిలి ఈడికొచ్చినారా? ఈడోళ్ళంతా నీళ్ళున్న చోటికి పోతాంటే?"

సోమవారం నుంచి రమ్మన్నారు.

గంగరత్న ఫోన్లోంచి మా అమ్మకి చేశాను. గణేష్‌బాబు రెండుసార్లు అక్కడికి వెళ్ళాడట. "సర్దుకుపోవే, మగాళ్ళన్నాక" అంది అమ్మ. ఇక్కడున్నానని చెప్పలేదు. ఆయనకి కార్డుల మీద ఊరి పేరు తెలుసు. ఎందుకింకా రాలేదో అర్థం కావట్లేదు. రోడ్డు మీద హారన్ వినపడితే చాలు, నా చేతిలో ఏముంటే అది జారిపోతోంది.

సెప్టెంబరు 11, ఆదివారం

వచ్చాడు. పదకొండింటికి, బస్సు దిగి నడుచుకుంటూ. ఇస్త్రీ చొక్కా. చేతిలో పూతరేకుల డబ్బా.

అరవలేదు. అదే నాకు భయమేసింది. నల్లప్ప గారికి నమస్కారం పెట్టాడు. "శ్రీ, బట్టలు సర్దుకో. మధ్యాహ్నం బండి ఉంది" అన్నాడు, మెల్లగా.

నేను వెళ్ళి సర్దాను. ఇది దాచకుండా రాయాలి. రానని అనలేదు. నా కాళ్ళు వాటంతటవే లోపలికి నడిచాయి. సంచి తీసి రెండు చీరలు మడతపెట్టి పెట్టాను. దువ్వెన పెట్టాను. సోమవారం పాఠానికి రాసుకున్న కాయితం కూడా పెట్టబోయి, ఎందుకని తీసేశాను.

అత్తయ్యగారు లోపలికొచ్చి నా చేతిలో సంచి లాక్కున్నారు. నా చీరలు మంచం మీద కుమ్మరించారు. ఆవిడవి రెండు కుక్కుకుని బయటికి నడిచారు.

"పద" అన్నారు కొడుకుతో.

"నువ్వు కాదమ్మా. అది."

"అది రాదు."

"నా పెళ్ళాం అది. నేను మాట్లాడుకుంటాను." పక్కకి జరగమన్నట్టు చెయ్యి లేపాడు. వీధిలో నలుగురు పోగయ్యారు. నల్లప్ప గారు లేచి నిలబడ్డారు.

"ఎత్తరా" అన్నారు అత్తయ్యగారు. గొంతు పెద్దది చెయ్యలేదు. "నాలుగేళ్ళు గోడ అవతల పడుకుని విన్నాను. ఇవాళ ఎదురుగా ఉన్నాను. ఎత్తు."

చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తర్వాత జేబులోకి వెళ్ళింది. రుమాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు. ముప్పయ్యేడేళ్ళ మనిషి, ఆ క్షణాన బడిలో దొరికిపోయిన పిల్లాడిలా ఉన్నాడు. నాకు జాలేసింది. ఆ జాలితోనే నాలుగేళ్ళు గడిపాను.

"అన్నం తిన్నావా?" అని అడిగారు ఆవిడ.

లేదన్నాడు. గంగరత్న రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. సంగటి ముద్ద నమలబోయి, మింగలేక, నీళ్ళు తాగి దించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

రెండింటికి ఆటో వచ్చింది. నేను ఆవిడ పక్కన చేరి, "మీరెందుకండీ వెళ్ళడం? మీ ఊరొచ్చి నెలైనా కాలేదు" అన్నాను.

"వాణ్ణి నేనే పెంచాను. నలభై ఏళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను. ఆడదంటే అట్లాగే కూర్చుంటుందని చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ ఇంట్లో నోరు తెరిచి కూర్చుంటాను, అదీ చూడనీ."

గణేష్‌బాబు ఆటోలో ముందే ఎక్కి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. ఆవిడ ఎక్కబోతూ తమ్ముడితో, "నల్లప్పా, కార్డు రాయి. ఈసారి నా చేతికే ఇమ్మంటాను పోస్టుమేన్ని" అన్నారు.

"ఫోనుండాది కదక్కా."

"కార్డు రాయి."

సెప్టెంబరు 12, సోమవారం

రాత్రంతా నిద్ర లేదు. ఆవిణ్ణి నా బదులు పంపేశాను. అరవై ఏళ్ళకి పుట్టింటికి చేరిన మనిషిని, మళ్ళీ ఆ నీళ్ళ మధ్యకి.

బడికి వెళ్ళాను. పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

సెప్టెంబరు 15

ఫోన్ రాలేదు. ఆదివారం లంకకి వెళ్ళిపోదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఇక్కడ గదికి గొళ్ళెం లోపల వైపే ఉంది. అయినా తియ్యడానికి భయం.

సెప్టెంబరు 20, మంగళవారం

స్కూల్లో మధ్యాహ్నం అన్నాల వేళ గంగరత్న పరుగెత్తుకొచ్చి ఫోను చేతిలో పెట్టింది. చిట్టియ్య ఫోను నుంచి అత్తయ్యగారు.

"ఏం చేస్తున్నావే?"

"స్కూల్లో ఉన్నానండి. మీకెలా ఉంది? ఏమన్నా అంటున్నాడా?"

"అంటాడు. నేనూ అంటున్నాను. నాలుగు రోజులు అన్నం మానేశాడు. అయిదో రోజు తనే వండుకున్నాడు. ఉప్పెక్కువైంది." నవ్వారు. "చిట్టియ్య కూతురు అక్షరాలు నేర్పుతోంది నాకు. ఓ రాయడం వచ్చింది. బు రావట్లేదు."

నాకు ఏడుపాగలేదు. "నా బదులు మీరెళ్ళారు అత్తయ్యగారూ" అన్నాను.

"నీ బదులు నేనెందుకు వస్తానే? నా ఇల్లిది. వాడికి బుద్ధి వస్తుందో రాదో నాకు తెలీదు. వస్తే నీకు చెప్తాను. వచ్చిందని చెప్పినా నువ్వు వెంటనే బయల్దేరకు. నీకనిపించాలి." అవతల చిట్టియ్య ఏదో అన్నాడు. "సరే, ఆటోకి బేరం వచ్చిందట. ఇప్పుడేం పాఠం నీకు?"

"ఎనిమిదో తరగతి. జిల్లాలు."

"ఏ జిల్లా?"

"తూర్పు గోదావరి."

"నీళ్ళున్నాయని ఒక్కటే చెప్పకు" అన్నారు.

బెల్లు కొట్టారు. ఫోను గంగరత్నకి ఇచ్చి, కళ్ళు తుడుచుకుని, క్లాసులోకి వెళ్ళాను. నలభైమంది లేచి నిలబడ్డారు. మొదటి బెంచీలో అమ్మాయి అడిగింది, "మేడం, మీది ఆ జిల్లానే అంట కదా? ఎట్లుంటాది?"

కూర్చోమన్నాను. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ముందు ఏరు గీశాను, దాని మధ్యలో లంక గీశాను. లంకలో ఇళ్ళు గీసి, ఆ ఇళ్ళలో ఎవరెవరుంటారో మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.